కాకి పాటపిట్టే, కోయిల కాదు!

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ ప్రిపరేషన్‌లో నన్ను బాగా ఏడిపించింది జీవవైవిధ్యం. ఒక మాక్ టెస్టులో ‘పాటపిట్ట కానిది ఏది?’ అని కాకి, కోయిల, గోరింక, పిచ్చుక ఇచ్చారు. కళ్ళు మూసుకుని కాకి పెట్టేశాను. మార్కు పోయింది. కాకిది పాసెరిఫార్మిస్ క్రమం, అందులోనూ పాటపిట్టల ఉపక్రమమే. కాలివేళ్ళు ముందుకి మూడు, వెనక్కి ఒకటి. మా కొబ్బరితోటలో పొద్దున్నే గొంతు చించుకునే కోయిలకి ముందుకి రెండు, వెనక్కి రెండు. అది కుక్యులిఫార్మిస్. కాకి గూట్లో గుడ్లు పెట్టడమే కాక పేరు కూడా కొట్టేసింది!

స్టింగ్‌రే అంటే ఏదో విదేశీ చేప అనుకునేవాణ్ణి. అంతర్వేది పల్లిపాలెంలో ఒకావిడ దగ్గర టేకు చేప చూశాకే బుర్రకెక్కింది. “తోకేది పిన్నీ?” అంటే, “ముల్లుంటాది కదా బాబూ, బోటు మీదే నరికేత్తారు” అని దాన్ని వెల్లకిలా తిప్పింది. నోటి వెనక అటు ఐదు, ఇటు ఐదు చీలికలు. బొచ్చె చేపకి ఉన్నట్టు మొప్పల మీద మూత లేదు. ఒంట్లో ఎముకలూ లేవు, అంతా మృదులాస్థే. కాండ్రిక్తిస్ తరగతి, మైలియోబాటిఫార్మిస్ క్రమం. బాలింతలకి పిట్టు చేసిపెట్టే సొరకి చుట్టం.

ఇక రెడ్ లిస్ట్, అంటే ఏ జాతికి అంతరించే ముప్పు ఎంతుందో ఐయూసీఎన్ అనే అంతర్జాతీయ సంస్థ ఇచ్చే జాబితా. ‘పాటపిట్టల స్థితి ఏమిటి?’ అంటే జవాబుండదు, జాతిని బట్టి చెప్పాలి. మన ఇంటి గోరింక లీస్ట్ కన్సర్న్, అంటే ముప్పు పెద్దగా లేనిది. అదే కుటుంబానికి చెందిన, ఇండోనేషియాలోని బాలి దీవి మైనాని పంజరాల కోసం పట్టీ పట్టీ క్రిటికల్లీ ఎండేంజర్డ్‌కి, అంటే అంతరించే అంచుకి తెచ్చారు. దానికి జంటగా పక్క దీవిలోని జావా స్టింగరీని గుర్తుపెట్టుకున్నాను. ఇదీ టేకు చేపల క్రమమే. 1862లో జకార్తా చేపల బజారులో దొరికిన ఒక్క నమూనా తప్ప మరొకటి కనబడలేదు. 2023 డిసెంబరులో అంతరించిపోయిందని ప్రకటించారు. ఈ రకం చేపలు గుడ్లు పెట్టవు, పిల్లల్ని కంటాయి, అదీ కొన్నింటినే. వలలు ఎక్కువైతే తేరుకోవడం కష్టం.

రెడ్ లిస్ట్‌నీ మన వన్యప్రాణి చట్టం షెడ్యూళ్ళనీ (ఏ జీవికి చట్టంలో ఏ స్థానమో చెప్పే పట్టికలు) మాత్రం ఒకే పేజీలో రాసుకోకండి. నేను రాసుకుని రెండుసార్లు దెబ్బతిన్నాను. నా పాత మెటీరియల్‌లో కాకి ఐదో షెడ్యూల్లో, అంటే హానిచేసే జీవుల పట్టికలో, ఎలకల పక్కన ఉంది. 2022 సవరణతో షెడ్యూళ్ళు ఆరు నుంచి నాలుగయ్యాయి, ఆ ఐదోది లేనేలేదు. ఆ పేజీ ఇప్పుడు మా అమ్మ పోపులడబ్బా కింద ఉంది.