గ్రూప్-2 వాయిదాల ఏడాది, నా రూమ్మేట్, ముల్కీ అనే కుక్క

ఫ్రెండ్స్, బుక్‌లిస్ట్ కోసం చూసేవాళ్ళు ఇది వదిలేయొచ్చు. తెలుగు అకాడమీవి ఏం చదవాలో, ఏవి వదిలేయాలో చెప్పేవాళ్ళు హైదరాబాద్‌లో కోచింగ్‌ల అడ్డా అయిన అశోక్‌నగర్‌లో గల్లీకి పదిమంది దొరుకుతారు. నేను రాస్తున్నది పుస్తకం తెరిచినా చదువు సాగని రోజుల గురించి.

తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాల గ్రూప్-2 పరీక్ష కథ మీకు తెలిసిందే. 2022 డిసెంబర్ చివర్లో 783 పోస్టులకు నోటిఫికేషన్ వచ్చింది. పరీక్ష 2023 ఆగస్టు 29, 30 అన్నారు, గురుకులం టీచర్ పోస్టుల పరీక్షలు కూడా అప్పుడే ఉన్నాయని మనవాళ్ళు గొడవ చేస్తే నవంబర్‌కి పోయింది, అసెంబ్లీ ఎన్నికలొచ్చి 2024 జనవరికి, అక్కడి నుంచి ఆగస్టు 7, 8కి, డీఎస్సీ, అంటే టీచర్ పోస్టుల పరీక్ష, రాసిన వెంటనే ఇదెట్లా రాస్తామంటే చివరికి డిసెంబర్ 15, 16కి. వాయిదా కావాలన్నవాళ్ళూ మనలోనే ఉన్నారు, వద్దన్నవాళ్ళూ మనలోనే ఉన్నారు. మా రూములో కూడా అంతే. నా రూమ్మేట్‌ది ఖమ్మం వైపు, డీఎస్సీ కూడా రాస్తోంది, తనకి వాయిదా కావాలి. నాకు వద్దు, ఎందుకంటే ఆ ఎండాకాలంలోనే మా నాయనమ్మ పోయింది, ఇంట్లో డబ్బులకి టైట్‌గా ఉంది, ఆగస్టు దాటితే ఇంకో నాలుగు నెలల హాస్టల్ ఫీజు నాన్నని ఎట్లా అడగాలో తెలియదు. జులైలో వాయిదా ఖాయమైన రోజు రాత్రి ఇద్దరం ఏదో అనుకున్నాం, అంతే, మాటలు బంద్. పక్కపక్క మంచాల మీద పడుకుని, ఒకే బకెట్ వాడుకుంటూ, వారాల తరబడి మాట్లాడుకోకుండా ఉండటం ఎంత నరకమో హాస్టల్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

ఇక ముల్కీ. మా హాస్టల్ గేటు ముందు ఉండే గోధుమరంగు ఆడకుక్క. పేపర్-4 (తెలంగాణ ఉద్యమ చరిత్ర) చదివే బ్యాచ్ పెట్టిన పేరది, ముల్కీ అంటే స్థానికులు అని. పుట్టింది ఈ గల్లీలోనే, పెరిగింది ఈ గల్లీలోనే, కాబట్టి ముల్కీ అనిపించుకోవడానికి ఒకప్పుడున్న పదిహేనేళ్ళ నివాసం రూలు దీనికి సడలించాం. చెవి చివర చిన్న కోత ఉంటుంది, అంటే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి తెచ్చి మళ్ళీ ఇక్కడే వదిలారన్నమాట. 2023 ఏబీసీ రూల్స్ (కుక్కల సంతతి నియంత్రణవి) అని కరెంట్ అఫైర్స్ నోట్సులో రాసుకున్నాం కదా, అదే. హాస్టల్ ఆంటీకి కుక్కలంటే అస్సలు పడదు, లోపలికి వస్తే అడ్వాన్స్ వాపసు ఇవ్వనని ముందే చెప్పేసింది. రాజ్యాంగంలోని 51ఎ(జి) ప్రకారం జీవుల పట్ల దయ ప్రాథమిక విధి అని ఒకమ్మాయి ఆంటీతో వాదించింది కూడా, కానీ ప్రాథమిక విధులని కోర్టు ద్వారా నేరుగా అమలు చేయించలేమని మనకి తెలుసు, ఆంటీకి చదవకుండానే తెలుసు. అందుకని గేటు బయటే దాని మకాం. సాంబారన్నం ముట్టదు. పెరుగన్నం తింటుంది, గుడ్డు పెట్టిన రోజైతే ముందు గుడ్డు తిని, మిగతాది తినాలా వద్దా అన్నట్టు మన మొహం చూస్తుంది.

ఆగస్టులో డీఎస్సీ అయిపోయాక ఒకరోజు అది మూడు కాళ్ళ మీద కుంటుతూ కనిపించింది. ముందు కాలి మెత్తలో సీసా పెంకు దిగింది. నేను గేటు దగ్గర కూర్చుని చూస్తున్నా, ఏం చేయాలో తోచలేదు, వెనకాల నుంచి "పట్టుకో, తల అటు తిప్పు" అని వినిపించింది, చూస్తే రూమ్మేట్, చేతిలో కనుబొమ్మలు తీసుకునే ప్లక్కర్. తను చున్నీ దాని మూతికి చుట్టింది, నేను తల ఒళ్ళో పెట్టుకుని గట్టిగా పట్టుకున్నా, అది వణకడం నా మోకాళ్ళకి తెలుస్తోంది. పెంకు గోరంత ఉంది, వచ్చేసింది. వచ్చేటప్పుడు ముల్కీ విదిలించుకుంటే పన్ను తగిలి తన మణికట్టు మీద గీత పడింది, కొంచెం రక్తం.

ఇక్కడ ఒక్క మాట సీరియస్‌గా. కుక్క పన్ను గాని గోరు గాని గీరుకుంటే, అది మన కుక్కే కదా అని ఊరుకోవద్దు. కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి, పసుపు, కారం లాంటివి పెట్టొద్దు, వెంటనే రేబిస్ టీకాకి వెళ్ళాలి. మేం నారాయణగూడలో టీకాలు వేసే ప్రభుత్వ సంస్థ ఐపీఎంకి వెళ్ళాం. మొదటి టీకా రోజుని 0 అనుకుంటే 0, 3, 7, 28, ఆ రోజుల్లో వెళ్ళి వేయించుకోవాలని అక్కడ చెప్పారు.

నిజం చెప్పాలంటే మా ఇద్దరినీ కలిపింది ఆ షెడ్యూలే. మొదటిరోజు లైన్లో నిలబడి టీకా గురించి తప్ప ఇంకేం మాట్లాడలేదు. మూడో రోజు వెళ్ళేటప్పుడు తను "జీవో 610 డేట్ చెప్పు" అంది. తెలంగాణ ఉద్యోగాల్లో స్థానికేతరుల గురించి వచ్చిన జీవో అది, 1985 డిసెంబర్ 30 అన్నా. తర్వాత ఏంది అంది, 2001 గిర్‌గ్లానీ కమిషన్ అన్నా, ముందు ఏంది అంది, 1975 రాష్ట్రపతి ఉత్తర్వులు, 1973 ఆరు సూత్రాలు, అట్లా వెనక్కి పోయి పోయి 1919 ముల్కీ ఫర్మానా దగ్గరికి వచ్చేసరికి ఇద్దరికీ నవ్వొచ్చింది. వాయిదా గొడవ గురించి ఆ రోజు గాని తర్వాత గాని ఎత్తలేదు. సారీలు చెప్పుకోలేదు, అవసరం పడలేదు. 28వ రోజుకి పేపర్-4 మొత్తం నోటితో ఒక రివిజన్ అయిపోయింది.

ఇంకోటి గమనించా. మన దగ్గర ఎవరు ఎదురైనా మొదటి మాట కటాఫ్ ఎంత ఉండొచ్చు, కోర్టులో కేసు ఏమైంది, ఇవే. దాని కాలికి దెబ్బ తగిలాక వారం రోజులు మా గేటు దగ్గర జనం అడిగింది "తిన్నదా, కుంటుతోందా ఇంకా" అని. పై ఫ్లోర్‌లో ఎప్పుడూ తల ఎత్తకుండా పోయే ఒక అక్క బిస్కెట్ ప్యాకెట్ తెచ్చింది, బిస్కెట్లు దానికి మంచివి కాదంటే మాకే ఇచ్చేసింది. ఆ అక్క ఎకానమీలో కింగ్ అని అప్పుడు తెలిసింది.

అయితే కుక్కతో, ఫ్రెండ్‌తో అన్నీ తీరిపోతాయని నేను అనను. నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, బతకాలని లేదనిపించడం, ఇట్లాంటివి ఉంటే 14416కి ఫోన్ చేయండి, టెలి మానస్, ప్రభుత్వానిది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

అక్టోబర్‌లో తనకి టీచర్ ఉద్యోగం వచ్చింది, వెళ్ళిపోయింది. పరీక్షకి ముందు ఆ రెండు నెలలు కష్టంగానే గడిచాయి, అబద్ధం చెప్పను. కానీ స్కూలుకి తయారయ్యే ముందు పొద్దున్నే ఫోన్ చేసేది, "ముల్కీకి పెట్టినవా? పేపర్-3 తెరిచినవా?" (పేపర్-3 అంటే ఎకానమీ) ఎప్పుడూ అదే వరస. కుక్కకి పెట్టాలంటే లేవాలి, లేచాక మళ్ళీ పడుకోబుద్ధి కాదు, అట్లా పుస్తకం తెరిచేదాన్ని. డిసెంబర్‌లో తనూ వచ్చి రాసింది, ఆ రెండు రోజులూ ముల్కీకి మూల మీద కూరగాయల అమ్మ తిండి పెట్టింది.

నేను ఇంకా ఇక్కడే ఉన్నా, ముల్కీ కూడా. పేపర్-3 కలిసి చదవడానికి ఒకరిద్దరు అమ్మాయిలు కావాలి, చిక్కడపల్లి లైబ్రరీ వైపు, పొద్దున ఆరింటికి. కుక్కలంటే భయమున్నా పర్లేదు, అది ముందు వాసన చూసి పోతుంది, కదలకుండా నిలబడితే చాలు.