నీళ్లు పెరిగేలోపు నాలా దాటాలి

హిమాచల్‌లోని నార్కండాలో పొద్దున్నే టీ తాగుతూ బావ అన్నాడు: "నిన్న ఎక్కిందంతా ఇవాళ తిరిగి కట్టెయ్యాలి రా. వడ్డీతో సహా."

నిజమే. సిమ్లా నుంచి నార్కండాకి 60 కిలోమీటర్ల పైచిలుకు. సామాను కట్టిన సైకిళ్ల మీద అక్కడికి, అంటే 2,700 మీటర్ల ఎత్తుకి చేరడానికి మాకు రోజంతా పట్టింది. మర్నాడు మధ్యాహ్నం కాకముందే సట్లెజ్ ఒడ్డున వెయ్యి మీటర్ల ఎత్తులో ఉన్నాం. పొద్దున మంకీ క్యాపులతో బయల్దేరినవాళ్లం, రాంపూర్ చేరేసరికి తడిసిన చొక్కాలు పిండుకుంటున్నాం. ముందున్న కుంజుం కనుమ ఎత్తేమో 4,551 మీటర్లు. అంటే సిమ్లాలో ఉన్నప్పటి కంటే రెండో రోజుకి ఇంకా కిందికి వచ్చామన్నమాట.

ప్లాన్ వేసేటప్పుడు మ్యాపు మీద కిలోమీటర్లు కూడాం. అదే మా తప్పు. సిమ్లా నుంచి కిన్నౌర్ జిల్లా మీదుగా స్పితి లోయలోని కాజాకి 400 పైన. కాజా నుంచి కుంజుం దాటి, మేం చేరాల్సిన గ్రాంఫూ దాకా దాదాపు 140. రోజుకి 60 తొక్కినా పది రోజులు చాలనుకున్నాం. పదిహేను పట్టింది. సైకిల్ మీద కొండల్లో తిరిగేవాళ్లు కిలోమీటర్లు కాదు, ఎక్కాల్సిన మీటర్లు లెక్కేసుకోవాలని చాలామంది చెబుతారు. అదీ సగమే నిజం. మాకు అసలు లెక్క నేర్పింది నీళ్లు.

కిన్నౌర్ మొదటి భాగం గురించి ఎక్కువ చెప్పను. దుమ్ము, లారీలు, డ్యాములు. సట్లెజ్‌ని ఇక్కడ కొండలోపలి సొరంగాల్లోకి మళ్లించి కరెంటు తీస్తారు. ఒక్క నాథ్‌పా ఝాక్రీ ప్రాజెక్టే 1,500 మెగావాట్లు. మేం తొక్కుతున్నది బ్రిటిష్ వాళ్లు 1850లో మొదలుపెట్టిన హిందుస్తాన్-టిబెట్ రోడ్డు. తరండా దగ్గర నిలువు రాతిగోడని తొలిచి ఆ దారిని లాక్కెళ్లారు. తలమీద చూరులా వేలాడే బండ, పక్కన ఏమీ ఉండదు. ఎదురుగా బస్సు వస్తే మేం గోడకి అతుక్కుని నిలబడేవాళ్లం. బావ సైకిల్ మాత్రం లోయ వైపు ఉండేది. "పోతే అదే పోతుంది" అనేవాడు.

కల్పాలో రెండు రాత్రులు ఆగాం. ఊరు 2,960 మీటర్ల ఎత్తు, ఎదురుగా కిన్నర్ కైలాస్ శిఖరాలు. మేం ఆగింది అందం కోసం కాదు. 3,000 మీటర్లు దాటాక ఏ రోజుకారోజు, క్రితం రాత్రి పడుకున్న చోటి కంటే మూడు నాలుగు వందల మీటర్లకి మించి పైన పడుకోకూడదంటారు. పగలు ఎంత ఎక్కి దిగినా పరవాలేదు, రాత్రి పడుకునే ఎత్తే ముఖ్యం. ఆ నియమం అన్నిచోట్లా కుదరదు కాబట్టి, కుదిరినచోట ఒక రోజు ఎక్కువ ఉండటం నయం.

ఖాబ్ దగ్గర స్పితి నది వచ్చి సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడ వంతెన దాటగానే రోడ్డు నదిని వదిలేసి నాకో అనే ఊరి వైపు పైకి లేస్తుంది. 'కా' మలుపులంటారు. ఒకదానిమీద ఒకటి పేర్చినట్టు వెనక్కీ ముందుకీ తిరిగే మెలికలు. కింది నుంచి నాకోకి వెయ్యి మీటర్లకు పైగా ఎక్కాలి. నా సైకిల్‌కి ముందు చిన్న చక్రానికి 22 పళ్లు, వెనక పెద్ద చక్రానికి 34. ఆ గేర్‌లో పెడల్ ఒక చుట్టు తిప్పితే సైకిల్ మీటరున్నర కూడా కదలదు. క్యారియర్ మీద 18 కిలోల సామాను. గంటకి అయిదు కిలోమీటర్లు. నడిచేవాడు కూడా పలకరిస్తూ మనతోపాటు రాగలడు. వచ్చాడు కూడా. రోడ్డు పనిచేసే కూలీ ఒకాయన పార భుజాన వేసుకుని ఒక మలుపు మొత్తం నా పక్కనే నడిచాడు. ఎక్కడినుంచి అని అడిగి, ఎందుకు అని అడిగాడు. రెండోదానికి జవాబు చెప్పడానికి నా దగ్గర ఊపిరి లేదు.

వెళ్లిపోతూ ఒక మాట అన్నాడు. ముందు మలింగ్ నాలా ఉంది, పొద్దున్నే దాటేయండి, మధ్యాహ్నం వద్దు.

నాలా అంటే పక్క కొండలోంచి వచ్చి నదిలో పడే వాగు. కిన్నౌర్, స్పితిల్లో ఊళ్లకి ఊపిరీ అదే, రోడ్డుకి గండమూ అదే. వానమబ్బుల్ని దక్షిణాన ఉన్న పెద్ద కొండలే ఆపేస్తాయి కాబట్టి ఇక్కడ వాన తక్కువ. పంటకి నీళ్లంటే మంచు కరిగి వచ్చేవే. నాలా నుంచి సన్నటి కాలవ తవ్వి పొలాలకి మళ్లిస్తారు. దాన్ని హిమాచల్‌లో 'కూల్' అంటారు. మన పద్యాల్లో కనబడే 'కుల్య' ఇదేనని తట్టినప్పుడు, ఆ ఎక్కుడు మీద కూడా కాస్త సరదా పుట్టింది. గంటల తరబడి బూడిదరంగు రాళ్లే చూసి చూసి ఒక పచ్చటి మచ్చ కనబడిందంటే అక్కడ నాలా ఉంది, ఊరుంది, టీ ఉంది. ఆ నాలా దాటడానికే రోడ్డు కొండ మడతలోకి వెళ్లి, అవతలి గట్టు మీదుగా మళ్లీ బయటికి వస్తుంది. ఎదురుగా రాయి విసిరితే తగిలేలా ఉన్న ఊరికి ఒక్కోసారి గంట తొక్కాలి.

పొద్దున ఎండ పై మంచుకి తగులుతుంది. కరిగిన నీరు రాళ్ల మధ్య నుంచి దారి చేసుకుని రోడ్డు దాకా రావడానికి కొన్ని గంటలు పడుతుంది. అందుకే తెల్లవారుజామున పాదం తడిపే నాలా, మధ్యాహ్నం దాటాక జీపుని ఆపేస్తుంది. మలింగ్‌ని పొద్దున ఏడింటికి దాటాం. రోడ్డు మీద నాలుగు వేళ్ల లోతు నీళ్లు. ఇంతేనా అనుకున్నాం. అలా అనుకోవడమే తర్వాత కొంప ముంచింది.

తాబో మఠం క్రీ.శ. 996 నాటిది. మట్టి గోడలు! లోపలి చీకటి గదుల్లో ఆనాటి బొమ్మలు. మట్టి గోడ వెయ్యేళ్లు ఎలా నిలిచిందని బావ ఆశ్చర్యపోతుంటే, నాకు మళ్లీ నీళ్లే గుర్తొచ్చాయి. వాన లేని చోట మట్టి కూడా రాయిలా బతుకుతుంది.

కాజాలో రెండు రోజులు. ఒక రోజు ఊరికే పడుకున్నాం. రెండో రోజు సామాను వదిలేసి హిక్కిం ఎక్కాం. అక్కడ 1983 నుంచీ పోస్టాఫీసు ఉంది, 4,400 మీటర్ల పైన. ఇంటికి ఉత్తరం రాస్తుంటే తల పోటు. మంచి మాటలు తట్టక "బాగున్నాం" అని ఒక్క ముక్క రాసి వేశాను. పక్కనే లాంగ్జాలో నత్తగుల్లల్లా కనబడే సముద్ర జీవుల శిలాజాలు దొరుకుతాయి. హిమాలయాలు లేవకముందు ఇది టెథిస్ సముద్రపు అడుగు. ఇంత ఎత్తున ఊపిరాడక రొప్పుతూ, ఇది సముద్రమని చదవడం వింతగా అనిపించింది.

లోసర్ మీదుగా కుంజుం ఎక్కడం నేను భయపడినంత కష్టం కాలేదు. అప్పటికి ఒళ్లు అలవాటు పడింది. పైన అమ్మవారి గుడి చుట్టూ బండ్లన్నీ ఒక ప్రదక్షిణ చేసి మరీ వెళ్తాయి. మేమూ తొక్కుతూనే ఒక చుట్టు తిరిగాం. దిగుడులోనే ఎదురుదెబ్బ. బాతల్‌కి దిగే ఆ పన్నెండు కిలోమీటర్లలో తారు అన్నది లేదు. ఒక గుంతలో టంగున శబ్దం, వెనక చక్రంలో ఒక స్పోక్ తెగింది. చైన్ వైపుది. ముందు చక్రంలోదో, అటువైపుదో అయితే పది నిమిషాల పని. ఇటువైపుదైతే మొదట వెనక పళ్లచక్రాల సెట్టు మొత్తం ఊడదీయాలి.

ఆ రాత్రి బాతల్‌లో పడుకుని పొద్దున రిపేరు పెట్టుకున్నాం. ఢాబా ఆయన రెండుసార్లు వచ్చి, ఇవాళ వద్దు, రేపు నాలుగింటికి లేచి పొండి అన్నాడు. రిమ్ వంకర తీసి బిగించేసరికి పదకొండైంది. మా ఇద్దరికీ ఒకటే తొందర: గ్రాంఫూ ఇంకా 50 కిలోమీటర్లే కదా.

బాతల్ నుంచి చంద్రా నది పక్కన పోయే దారిని రోడ్డనడం మర్యాద కోసమే. గుండ్రాళ్లు పరిచిన వాగు గర్భంలా ఉంది. రెండున్నరకి ఒక నాలా ఎదురైంది. ఈ దారి డ్రైవర్లు ఇలాంటివాటిని పాగల్ నాలా అంటారు, పిచ్చి నాలా. నీళ్లు మట్టి రంగులో ఉన్నాయి, అడుగు కనబడలేదు. చూపు కంటే చెవే ఎక్కువ భయపెట్టింది: నీటి కింద రాళ్లు దొర్లి ఒకదాన్నొకటి కొట్టుకుంటున్న గుడుగుడు శబ్దం.

"తొడల దాకా ఉంటుందేమో. నేను ముందెళ్తా" అన్నాడు బావ.

"వద్దు బావా, ఆగు" అనే లోపే దిగాడు. బ్యాగులు సైకిల్‌కే ఉన్నాయి. అయిదో అడుగులో నీరు ఆ బ్యాగుల్ని తెరచాపలా పట్టుకుంది. సైకిల్ అడ్డం తిరిగి అతని మోకాళ్ల మీద పడింది, మనిషి నీళ్లలో కూలబడ్డాడు. నేను దిగి చొక్కా పట్టుకుని లాగాను. సైకిల్ ఒక బండకి చిక్కుకుంది కాబట్టి దొరికింది. ఒక బూటు, నీళ్ల సీసా, పప్పు గింజల పొట్లం చంద్రా నదికి సమర్పణ. అవతలి గట్టున ఆగిన లారీ డ్రైవరు రెండు చేతులూ ఎత్తి అడ్డంగా ఊపాడు. ఆ సైగ చేయడానికి వచ్చినట్టే వచ్చి, బండి వెనక్కి తిప్పుకున్నాడు.

అక్కడే కాస్త ఎత్తున టెంటు వేశాం. నీటి అంచున ఒక తెల్ల రాయి గుర్తు పెట్టాను. ఆరింటికి రాయి మునిగిపోయింది. తొమ్మిదింటికి మళ్లీ తేలింది. బావకి వణుకు తగ్గలేదు, నా స్లీపింగ్ బ్యాగు కూడా అతనికే కప్పి నేను జాకెట్లన్నీ వేసుకుని కూర్చున్నాను. మాట్లాడుకోలేదు. నాకు కోపం వచ్చింది, ఎవరిమీదో తెలియలేదు. స్పోక్ మీదా, బావ మీదా, 50 కిలోమీటర్లే అనుకున్న నా మీదా.

తెల్లవారుజామున అయిదింటికి టార్చి వేసి చూస్తే, నిన్నటి నాలా ఇదేనా అనిపించింది. పిక్కల లోతు. రాళ్ల మీద సన్నటి మంచు పొర. బ్యాగులు విప్పి మూడు విడతలుగా మోశాం. సైకిళ్లని నీరు పోయే వైపు ఉంచి పట్టుకున్నాం, జారితే అవి పోవాలి గానీ మన మీద పడకూడదు. నేను బూట్లు విప్పకుండానే దాటాను. కాళ్లు మొద్దుబారి, గట్టెక్కాక వేళ్లు ఉన్నాయో లేవో తడుముకుని చూసుకున్నాను. మొత్తం ఇరవై నిమిషాలు.

ఛత్రూలో ఎండకి సాక్సులు ఆరేసుకుంటూ పరోటాలు తింటున్నాం. ఎదురు దిశలో ఇద్దరు కుర్రాళ్లు సైకిళ్ల మీద వచ్చారు. కొత్త టైర్లు, నిండు ఉత్సాహం. బాతల్ ఇంకా ఎన్ని కిలోమీటర్లని అడిగారు.

"కిలోమీటర్ల సంగతి వదిలేయండి" అన్నాడు బావ తనకి వచ్చిన హిందీలో. ఒక కాలికి బూటు, ఒక కాలికి నా చెప్పు. "ఇవాళ ఇక్కడే పడుకోండి. రేపు చీకటితో బయల్దేరండి. మధ్యాహ్నం నాలాలు దాటనివ్వవు."

వాళ్లు అతని కాళ్ల వైపు చూసి నవ్వారు. థ్యాంక్స్ అంకుల్ అని చెప్పి తొక్కుకుంటూ వెళ్లిపోయారు. అప్పుడు టైం పదకొండున్నర.