పన్ను పీకించుకున్నా పోని నొప్పి

కార్తీకమాసం మొదటి సోమవారం. తెల్లవారుజామున రేవులో మూడు మునకలేసి, దీపం వదిలి, తడిచీరతో మెట్లెక్కుతుంటే ఎడమ దవడ కింద లాగినట్టయింది. చలికి పళ్ళు జివ్వుమంటున్నాయనుకున్నాను. పై మెట్టు మీద కాసేపు కూర్చుంటే పోయింది. ఆ నెలంతా ఇదే తంతు. రేవు మెట్లెక్కితే నొప్పి, కూర్చుంటే లేదు. బడికెళ్ళే దారిలో లాకుల దగ్గర వంతెన ఎక్కితే నొప్పి, అవతలి గట్టు మీద ఆగితే లేదు. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి సైన్సు చెబుతున్నాను. నడిస్తే వచ్చి ఆగితే పోయే పంటినొప్పి ఎక్కడైనా ఉంటుందా అని ఒక్కసారీ ఆలోచించలేదు.

పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాను. ఎక్స్‌రేలో కింది దవడ పన్నుకి పుచ్చు కనిపించింది. తీసేయడమే మేలన్నారు, తీసేశారు. నొప్పి ఎప్పుడొస్తోందని ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. వారం తిరక్కుండానే మళ్ళీ అదే నొప్పి, పన్ను లేని చోట. మా అత్తయ్యగారు లవంగనూనెలో దూది ముంచి పెట్టుకోమన్నారు. అదీ చేశాను.

భోగికి ముందురోజు అరిసెల పాకంలో పిండి కలుపుతున్నాను. నొప్పి దవడ నుంచి ఎడమ భుజంలోకి దిగింది. ఈసారి కూర్చున్నా పోలేదు. అంత చలిలోనూ జాకెట్టు చెమటకి తడిసిపోయింది. గుండెలో మాత్రం ఏమీ లేదు. అందుకే గ్యాసేమో అనుకుని సోడా తాగాను. మా వీధి ఆర్ఎంపీ గారు వచ్చి బీపీ చూసి, "షుగరు ఎన్నాళ్ళ నుంచమ్మా?" అన్నారు. పదకొండేళ్ళ నుంచి అని చెప్పాను. "అయితే గ్యాసని కూర్చోకండి. ముందు ఈసీజీ తీయించండి. బండి మీద వద్దు, కారు పిలవండి" అని ఆస్పిరిన్ మాత్ర నమిలించారు. ఆయన ఆరోజు ఒక ఇంజెక్షనిచ్చి పడుకోమని ఉంటే నేను పడుకునేదాన్నే. ఆ రుణం తీరేది కాదు.

అమలాపురంలో ఈసీజీ పెద్దగా మారలేదన్నారు గానీ, రక్తపరీక్షలో ట్రోపోనిన్ పెరిగి ఉంది. గుండె కండరం దెబ్బతిన్నప్పుడే అది రక్తంలోకి వస్తుందట. రావులపాలెం మీదుగా అంబులెన్సులో రాజమండ్రి తీసుకెళ్ళారు. అక్కడి గుండె డాక్టరు మొదట అడిగిన మాట, "మెట్లెక్కితే వస్తుందా, ఆగితే తగ్గుతుందా?" రెండు నెలలుగా ఎవరో ఒకరు నన్ను అడగాల్సిన ప్రశ్న అది. గుండెనొప్పి దవడలోనూ వీపులోనూ మోచేతిలోనూ తెలియొచ్చట. ఆడవాళ్ళలో, షుగరున్నవాళ్ళలో ఛాతీనొప్పి లేకుండా ఒట్టి ఆయాసమో చెమటో నీరసమో అయినా కావచ్చట.

మర్నాడు కుడి మణికట్టు దగ్గర మత్తు సూది ఇచ్చి, గుండె నాళాల బొమ్మ తీసే యాంజియోగ్రామ్ చేశారు. మెలకువగానే ఉన్నాను. గుండెకి ముందువైపు దిగే పెద్ద నాళంలో 95 శాతం అడ్డు, కుడివైపు నాళంలో 60. బయట మా ఆయనకి బొమ్మ చూపిస్తే, "వేసవిలో కాలవలు కట్టేసి పూడిక తీస్తారు కదండీ, అలా తీసేస్తారా?" అని అడిగారట. "తియ్యమండీ. బెలూన్‌తో ఆ పూడికని గట్టుకేసి అదిమేసి, మళ్ళీ జారకుండా లోపల జాలీ గొట్టం పెడతాం" అన్నారట డాక్టరు గారు. ఆ ఒక్క మాటతో మా ఇంట్లో అందరికీ విషయం బోధపడింది. పూడిక ఎక్కడికీ పోలేదు. కొత్తది పేరకుండా చూసుకోవాల్సింది ఇక మేమే.

బెలూన్ ఉబ్బించినప్పటి సంగతి చెప్పాలి. "ఇప్పుడు కొంచెం నొప్పొస్తుందమ్మా" అన్నారు. వచ్చింది. ఎక్కడో కాదు, ఎడమ దవడ కింద, పన్ను పోయిన ఆ ఖాళీలోనే. కార్తీకమాసంలో రేవు మెట్ల మీద వచ్చిన నొప్పే, రవ్వంత తేడా లేదు. "ఇదేనండీ, ఇదే నొప్పి!" అని అరిచేశాను. "తెలుసమ్మా, ఇప్పుడు పోతుంది చూడండి" అన్నారు. బెలూన్ దించేయగానే వేలితో తుడిచేసినట్టు పోయింది. అక్కడే బల్ల మీద ఏడ్చేశాను. బాధకి కాదు, ఇన్నాళ్ళకి దాని చిరునామా దొరికినందుకు.

పెట్టిన ఆ జాలీ గొట్టం, అంటే స్టెంట్, 3 మిల్లీమీటర్ల వెడల్పు, 24 మిల్లీమీటర్ల పొడవు. దానికి పూసిన మందు లోపల కండ పెరిగి మళ్ళీ మూసుకుపోకుండా చూస్తుంది. 1977లో జ్యూరిచ్‌లో గ్రూంట్‌జిగ్ అనే డాక్టరు మొదటిసారి ఒక మనిషి గుండె నాళంలో బెలూన్ ఉబ్బించాడు. స్టెంట్ పెట్టడం 1986లో మొదలైంది. మన దగ్గర అబ్దుల్ కలాం గారు, గుండె డాక్టరు సోమరాజు గారు కలిసి తక్కువ ఖర్చులో స్టెంట్ చేయించారని పిల్లలకి ఎన్నోసార్లు చెప్పాను. అలాంటిది ఒకటి నా గుండెలోకే వస్తుందని అనుకోలేదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకి కళ్ళెం వేసి మందుపూత స్టెంట్‌ని 29,600కి దించింది. అంతకుముందు లక్ష పైన పోసినవాళ్ళు మా చుట్టాల్లోనే ఉన్నారు.

కుడివైపు నాళంలో సన్నని తీగ పంపి, అడ్డుకి ముందున్న రక్తం ఒత్తిడిలో అడ్డు దాటాక ఎంత వంతు మిగిలిందో కొలిచారు. 0.86 వచ్చింది. 0.80 కంటే పైనుంటే మందులు చాలట. మా ఆడపడుచు మాత్రం, "వదినా, ఆ రెండోదీ వేయించేసుకుంటే ఓ పనైపోయేది కదా" అని ఇప్పటికీ అంటుంది. రక్తం సరిగ్గా పారుతున్న చోట స్టెంట్ వేస్తే ఆయుష్షు పెరగదని ఆవిడకి నచ్చజెప్పలేకపోయాను.

ఇంటికొచ్చిన నాలుగో రోజు రాత్రి ఉన్నట్టుండి ఊపిరి చాలనట్టయింది. స్టెంట్ మూసుకుపోయిందనుకుని, నిద్రపోతున్న మా ఆయన చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా కూర్చున్నాను. తీరా అది స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన టికాగ్రెలార్ మాత్ర వల్లట. కొందరికి ఆయాసం తెస్తుందట. పరీక్షలన్నీ చేసి, అదే పని చేసే క్లోపిడోగ్రెల్‌కి మార్చారు. భయంతో నేనే మాత్ర మానేసి ఉంటే? కొత్త స్టెంట్‌కి ఇంకా లోపలి పొర పట్టదు. ఆ లోహం మీద రక్తం గడ్డకడితే నిమిషాల్లో మనిషి పోవచ్చు. చెప్పకుండా మానేసేవాళ్ళని తలుచుకుంటే నాకు వణుకొస్తుంది.

ఆవకాయ తగ్గింది, నడక పెరిగింది. కాలవ గట్టు మీద పది నిమిషాలతో మొదలుపెట్టి ఇప్పుడు నలభై నిమిషాలు నడుస్తున్నాను. చెడు కొలెస్ట్రాల్ 148 నుంచి 58కి దిగింది. లాకుల వంతెన ఎక్కేటప్పుడు ఇప్పటికీ చెయ్యి దవడ మీదికే పోతుంది.

మొన్న ఇంకో పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి, కుర్చీలో కూర్చోకముందే స్టెంట్ సంగతి, మాత్రల సంగతి చెప్పాను. ఆవిడ శ్రద్ధగా రాసుకుని, ఖాళీలో పన్ను కట్టాలంటే అటూ ఇటూ ఉన్నవి అరగదీయాలన్నారు. తొందరలేదు, ఏడాది నిండాక మా గుండె డాక్టరుని అడిగి వస్తానని చెప్పి వచ్చేశాను.