ఆడ మగ వరి మందు, వరికి తెగులు తెచ్చే బూజు నుంచే

మా బాపు చానా ఏండ్ల నుంచి ఆడ మగ వరి వేస్తుండు. కరీంనగర్ దిక్కు ఈ మాట తెలియనోళ్ళు ఉండరు, మిగతావాళ్ళ కోసం చెప్తా, హైబ్రిడ్ వరి విత్తనం పండించే పొలం అన్నమాట, ఆడ సాళ్ళు మగ సాళ్ళు వేరుగా నాటి పూత టైంలో తాడు లాగి పుప్పొడి దులుపుతరు. ఆడ వరితో బాధేందంటే దాని కంకి పూర్తిగా బయటికి రాదు, కింది భాగం పోటాకు తొడుగులోనే ఇరుక్కుంటది, అక్కడి పూలకి పుప్పొడి అందదు, గింజ పట్టదు. అందుకే కంకులు అప్పుడప్పుడే తొంగిచూస్తున్నప్పుడు జిబ్బరెల్లిక్ యాసిడ్ (జిబ్బరెల్లిన్‌లలో ఒక రకం) అనే మందు కొడతరు, ఎకరానికి 20 గ్రాములు అటూ ఇటూ. కాడ సాగి కంకి పైకొస్తది.

ఎమ్మెస్సీలో నా ప్రాజెక్ట్ ఈ మందు మీదనే. ఇది ఫ్యుజేరియం ఫ్యుజికురోయ్ అనే బూజు నుంచి వస్తది అని చెప్తే బాపు నమ్మలే. వరి నారు సన్నగా, పాలిపోయి, పక్క మొక్కల కంటే ఇంత ఎత్తు పెరిగి చచ్చిపోయే తెగులుని జపాన్‌లో బకానె అంటరు, అంటే తెలివితక్కువ నారు అని. 1926లో కురొసావా అనే ఆయన తైవాన్‌లో ఈ బూజు పెరిగిన ద్రవాన్ని వడకట్టి, బూజు లేకుండా ఉత్త ద్రవం పోసినా నారు అట్లనే సాగుతదని చూపించిండు. 1935లో యబుతా అనే ఆయన ఆ ద్రవంలో నారుని సాగదీసే పదార్థానికి జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టిండు. "వరిని చంపేదాంతోనే వరికి మందు జేస్తరా బిడ్డా" అని బాపు చానాసేపు అదే మాట.

మేం ఆ బూజుని గోధుమ తవుడు మీద పెంచినం. మైసూర్‌లోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ వాళ్ళు 1980లలోనే ఈ పద్ధతి మీద మంచి పని చేసిన్రు. నత్రజని ఉన్నంతసేపు బూజు ఒళ్ళు పెంచుకుంటది, అది అయిపోయినంకనే జిబ్బరెల్లిన్ చేసుడు మొదలుపెడతది, చక్కెర ఒకేసారి ఎక్కువ దొరికినా సరిగా చెయ్యదు, తవుడులో పిండి మెల్లగా కరుగుతది కాబట్టి దానికి సరిగ్గా కుదురుతది. షుగర్ ఫ్యాక్టరీ మొలాసిస్ (చక్కెర తీసినంక మిగిలే మడ్డి) కూడా పనికొస్తది, కాకపోతే పలచన చేసి కొంచెం కొంచెంగా ఇయ్యాలె.

తవుడు చవకే, ఖర్చంతా ఆ తర్వాతనే. నానబెట్టి, వడకట్టి, ఆ నీళ్ళకి యాసిడ్ కలిపి పీహెచ్ రెండున్నరకి దించి, ఇథైల్ అసిటేట్ అనే సాల్వెంట్‌తో (మందుని తనలోకి కరిగించుకునే ద్రవం) మళ్ళీ మళ్ళీ లాగి, దాన్ని ఆవిరి చేస్తే గ్రాము తవుడుకి మిల్లీగ్రాముల లెక్కన వస్తది. నన్నడిగితే కొత్త కొత్త వ్యర్థాల మీద పెంచి చూసే ప్రాజెక్టుల కన్నా, ఆ సాల్వెంట్‌ని తగ్గించే పని, తిరిగి పట్టుకొని వాడే పని చేసేటోళ్ళు రైతుకి ఎక్కువ మేలు చేస్తరు.

గింత కష్టమెందుకు, ఆ తవుడే తెచ్చి పొలంల చల్లుదాం అన్నడు బాపు. వద్దే వద్దన్న. దాంట్లో ఉన్నది బకానె తెచ్చే బూజే, పైగా ఫ్యుజారిక్ యాసిడ్, ఫ్యుమోనిసిన్ లాంటి విషాలు కూడా చేస్తది, అందుకే మా ల్యాబ్‌లో పిప్పి మొత్తం ఆటోక్లేవ్ చేసినంకనే, అంటే ప్రెషర్ ఆవిరిలో పెట్టి బూజుని చంపినంకనే, బయట పారేసేటోళ్ళం.