పెదనాన్న టిన్ను నీళ్లు

కవిటి మండలంలోని మా ఊళ్లో పెదనాన్న తన రక్తపరీక్ష కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో పెట్టి, కొబ్బరి తోటలోని పాక వాసానికి తగిలించి ఉంచుతారు. మొన్న సంక్రాంతికి వెళ్తే ఆ సంచి నా ఒళ్లో పెట్టారు. కిడ్నీ పనితీరు తగ్గితే రక్తంలో పెరిగే క్రియాటినిన్ మొదట 1.3, మరుసటి ఏడాది 1.6, ఆపై ఏడాది 2.1.

"1.6 రాగానే బోరు నీళ్లు మానేసి టిన్ను తెప్పించుకున్నాను. అయినా పెరిగింది. ఆ నీళ్లే చేటు చేశాయంటావా?"

గణాంకాలే నా జీవనాధారం. అయినా వెంటనే నోరు పెగల్లేదు. మా ఉద్దానం ప్రాంతంలో కిడ్నీ జబ్బుకు మూలమేమిటో ఇప్పటికీ తేలలేదు. ఒక్కసారి వెళ్లి ఇంటింటా అడిగితే టిన్ను నీళ్లు తాగేవారిలోనే జబ్బు ఎక్కువ కనిపించవచ్చు. జబ్బు ముందొచ్చి, టిన్ను వెనకొచ్చిందని ఏటేటా అదే మనిషిని చూస్తే తప్ప తెలియదు.

ఏటేటా చూసినా చిక్కు తీరదు. ఆ 1.6 అంతకుముందు తాగిన నీళ్ల ఫలితం కావచ్చు, తర్వాతి నీళ్లను నిర్ణయించింది కూడా అదే. దాన్ని లెక్కలో వదిలేస్తే నింద టిన్ను మీద పడుతుంది. రిగ్రెషన్ అనే మామూలు గణాంక లెక్కలో చేరిస్తే, పాత నీళ్లు దాని ద్వారా చేసిన హాని లెక్కలోంచి జారిపోతుంది. కార్మికుల ఆరోగ్యం విషయంలో ఈ ముడిని 1986లో గణాంక శాస్త్రవేత్త జేమ్స్ రాబిన్స్ పట్టుకున్నారు: ఒంట్లో బాగోలేనివారే ముందు పని మానేస్తారు, అందుకే ఎక్కువకాలం పనిచేసినవారు ఆరోగ్యంగా కనిపిస్తారు. 2000లో ఆయన, మిగెల్ హెర్నాన్, బాబెట్ బ్రంబాక్ కలిసి బరువులు వేసే పద్ధతిని, అంటే ఒక్కో మనిషిని ఎంతమందికి సమానంగా లెక్కించాలో తేల్చే పద్ధతిని వివరించారు.

నాకు ఎంతో ఇష్టమైన లెక్క అది. 1.6 వచ్చిన పదిమందిలో ఎనిమిది మంది టిన్నుకు మారారనుకుందాం. వారిలో ఒక్కొక్కరికి పదిని ఎనిమిదితో భాగిస్తే వచ్చే 1.25 బరువు, మారని ఇద్దరికీ పదిని రెండుతో భాగిస్తే వచ్చే 5 చొప్పున. ఇప్పుడు రెండు వైపులా పదేసి మంది. ఆ 1.6కు నీళ్ల ఎంపిక మీదున్న పట్టు తెగిపోతుంది. ప్రతి ఏటి బరువునూ ముందరి వాటితో గుణిస్తూ పోవాలి. పదికి పదిమందీ మారిపోతే మాత్రం పోల్చడానికి ఎవరూ మిగలరు. నొప్పి మాత్రలు, ఎండలో పని సంగతి అడగకపోతే బరువులే తప్పుతాయి.

నేను పనిచేసిన ఒక సర్వేలో మూడో ఏడాది దొరకనివారి వరుసలన్నీ తీసేశారు. వలస వెళ్లినవారూ చనిపోయినవారూ అందులోనే ఉన్నారు. ఆ ఖాళీ గడులు నాకు ఇప్పటికీ బాధే. ఎవరు ఎందుకు కనబడకుండా పోయారో లెక్కగట్టి, మిగిలినవారికి ఆ బరువూ వేయాలి.

ఇప్పుడు హిరమండలం జలాశయం నుంచి గొట్టాల్లో వంశధార నీళ్లు వస్తున్నాయి. ఎవరి క్రియాటినిన్ చూసి ఆ గొట్టం గుమ్మంలోకి రాలేదు. ఈ ఊళ్లను ఏళ్లతరబడి ఓపికగా గమనించాలి, ఇప్పుడే మొదలుపెట్టాలి.

"మీరు మారకపోయి ఉంటే ఎంత వచ్చేదో తెలిస్తే కదా జవాబు, పెదనాన్నా" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి, "పక్కతోట తమ్ముడు మారలేదు, ఉండు" అంటూ తువ్వాలు భుజాన వేసుకుని బయలుదేరారు. అరగంటకు ఆయన తెచ్చిన కాగితాల్లో మొదటిదాని మూల చిరిగిపోయింది. తేదీ ఉండాల్సింది అక్కడే.