ప్యాకప్ చెప్పాక మొదలైన ఖర్చు: ఒక చిన్న కామెడీ సినిమాతో నా అనుభవం

తక్కువ డబ్బుతో సినిమా తీసినవాళ్ల గురించి మనం చెప్పుకునే కథలన్నీ ప్యాకప్ దగ్గర ఆగిపోతాయి. ఎంతలో తీశాడు, ఎన్ని రోజుల్లో తీశాడు, ఎక్కడ అప్పు చేశాడు... అంతే. హార్డ్ డిస్కులో ఉన్న ఆ సరుకు థియేటర్ దాకా ఎలా చేరిందో ఎవరూ చెప్పరు. విజయనగరం వైపు ఒక పల్లెలో స్నేహితులం కలిసి ఒక కామెడీ సినిమా తీశాం. షూటింగ్ సరదాగానే గడిచిపోయింది కాబట్టి దాని గురించి పెద్దగా రాయను. ఆ తర్వాత జరిగిందే చెప్పాలి.

నన్ను ఈ దారి పట్టించినవాడు అమెరికన్ దర్శకుడు కెవిన్ స్మిత్. న్యూజెర్సీ కుర్రాడు. వాంకూవర్‌లో ఫిల్మ్ స్కూల్లో చేరి, కోర్సు మధ్యలోనే మానేసి ఇంటికొచ్చేశాడు. లియోనార్డో అనే ఊళ్లో ‘క్విక్ స్టాప్’ అనే చిల్లర కొట్లో పనిచేస్తూ, ఆ కొట్టు మీదే కథ రాసుకుని, ఆ కొట్లోనే ‘క్లర్క్స్’ తీశాడు. ఖర్చు 27,575 డాలర్లు. క్రెడిట్ కార్డులు గీకాడు, ఏళ్ల తరబడి దాచుకున్న కామిక్ పుస్తకాలు అమ్మేశాడు. బ్లాక్ అండ్ వైట్, 16 ఎంఎం ఫిల్మ్. పగలు కొట్టు నడవాలి కాబట్టి షూటింగ్ రాత్రిపూట. కథేమో పగలు జరగాలి. బయటి చీకటి కనిపించకుండా షట్టర్లు దించేసి, తాళాల్లో ఎవరో చూయింగ్ గమ్ కుక్కారని, అందుకే అవి తెరుచుకోవట్లేదని కథలో పెట్టేశాడు. అక్కడితో ఊరుకోకుండా, కొట్టు తెరిచే ఉందని దుప్పటి మీద షూ పాలిష్‌తో రాసి వేలాడదీసే జోకు కూడా దాన్నుంచే లాగాడు. ఇబ్బందిని దాచకుండా దాన్నే నవ్వుగా మార్చడమన్నమాట. కామెడీ తీసేవాడికి ఇంతకంటే మంచి పాఠం నాకు ఎక్కడా దొరకలేదు.

మన వైపు చూస్తే నగేశ్ కుకునూర్. ఉస్మానియాలో కెమికల్ ఇంజినీరింగ్, జార్జియా టెక్‌లో మాస్టర్స్, తర్వాత అట్లాంటాలో ఉద్యోగం. ఆ జీతంలో మిగిల్చుకున్న డబ్బుతో హైదరాబాద్ వచ్చి 1998లో ‘హైదరాబాద్ బ్లూస్’ తీశాడు. 17 లక్షలు, 17 రోజులు. ఆ రెండు పదిహేడులూ మా గ్యాంగ్‌లో అందరికీ నోటికొచ్చు. ఐదుగురం కూర్చుంటే ఎవరో ఒకరు అనేవాళ్లు: “ఆయన చేశాడు కదరా, మనకేం తక్కువ?”

‘క్లర్క్స్’ కథలో ఎవరూ గట్టిగా చెప్పని లెక్క ఇంకొకటుంది. సినిమాను మిరామాక్స్ అనే పంపిణీ సంస్థ కొన్న తర్వాత అందులో వాడిన పాటల హక్కుల కోసం పెట్టిన ఖర్చు, మొత్తం సినిమా తీయడానికి అయినదానికంటే ఎక్కువ. చదివినప్పుడు ఇది నాకు తమాషాగా అనిపించింది. మా ఎడిటింగ్ పూర్తయిన వారానికి తమాషా పోయింది.

మా సినిమాలో పెద్దాయన ఒకాయనకు చెవుడు. ఆయన ఫోన్ ఎప్పుడూ ఫుల్ సౌండ్‌లో ఉంటుంది. పెళ్లిచూపుల్లో, చావింట్లో, పంచాయతీలో, ఎక్కడైనా సరే మంచి సమయం చూసుకుని ఒక పాత సినిమా పాట మోగుతుంది. ఆ పాట హక్కులున్న ఆడియో కంపెనీకి మెయిల్ పెట్టాం. వాళ్లు చెప్పిన మొత్తం మా షూటింగ్ అంతటికీ అయిన భోజనాల ఖర్చును దాటేసింది. మాలో ఒకడు అందుకుని, “అరవై ఏళ్లు దాటిన పాటైతే ఫ్రీ రా, ఇంకా పాతది పెట్టేద్దాం” అన్నాడు. వాడన్నది సగమే నిజం. అరవై ఏళ్ల గడువు రికార్డింగుకు. రాసినాయన, బాణీ కట్టినాయన హక్కులు వాళ్లు పోయాక కూడా అరవై ఏళ్లుంటాయి. అంటే 1950ల నాటి పాట రికార్డు స్వేచ్ఛగా దొరికినా, అందులోని సాహిత్యం, బాణీ చాలావరకు ఇంకా ఎవరో ఒకరివే. చివరికి ఊళ్లో తప్పెటగుళ్లు ఆడే బృందాన్ని బతిమాలి, వాళ్లు సొంతంగా కట్టుకున్న దరువు రికార్డు చేసి, కాగితం మీద సంతకాలు పెట్టించుకుని, దాన్నే రింగ్‌టోన్ చేశాం. బాగానే ఉంది. పాత పాటే ఇంకా ఎక్కువ నవ్వించేదని ఇప్పటికీ నా అభిప్రాయం.

తర్వాత గేదె. గేదె మా సినిమాలో పాత్రే కాబట్టి షూటింగ్‌కు ముందే జంతు సంక్షేమ బోర్డు అనుమతి కోసం దరఖాస్తు పెట్టాం. ఆ బోర్డు ఆఫీసు హర్యానాలో, బల్లభ్‌గఢ్‌లో ఉంది. పశువైద్యుడి దగ్గర ఫిట్‌నెస్ సర్టిఫికెట్, యజమాని ఒప్పుకోలు, ఏ సీన్లో ఏం చేయిస్తామో వివరాలు, అన్నీ ఇచ్చాం. గేదె పేరు మీద అంత పద్ధతిగా ఫైలు తయారవడం చూసి దాని యజమాని, “నా రేషన్ కార్డుక్కూడా ఇన్ని కాయితాలు లేవు బాబూ” అన్నాడు.

మాకు చిక్కు వచ్చింది గేదెతో కాదు, కుక్కతో. పంచాయతీ సీన్లో సర్పంచ్ తీర్పు చెబుతుండగా ఊరకుక్క ఒకటి ఫ్రేములోకి వచ్చి, అందరి మధ్యలో కూర్చుని, తీర్పు వింటున్నట్టు మొహం పెట్టి, సరిగ్గా చివరి మాటకు ఆవులించి వెళ్లిపోయింది. వంద టేకులు తీసినా అలాంటిది రాదు. దాన్ని తీసేస్తే ఆ సీనే లేదు. ఫైల్లో మాత్రం ఆ కుక్క లేదు. యజమాని సంతకం కావాలంటే అది వీధి మొత్తానికి చెందినది. సెన్సార్ పనులు చూసిపెట్టే ఏజెంటు గారు శాంతంగా విని, “దాచొద్దు. తనంతట తాను వచ్చిందని అఫిడవిట్ రాసి, ఆ సీన్ కత్తిరించకుండా పంపండి. చూసేవాళ్లకు తెలుస్తుంది” అన్నారు. అలాగే చేశాం. కొన్నాళ్లు టెన్షన్ పడ్డాం. నిరభ్యంతర పత్రం వచ్చింది, కుక్కతో సహా.

సెన్సార్‌కు ఇప్పుడు అంతా ఆన్‌లైన్. ఈ-సినీప్రమాణ్ పోర్టల్‌లో ఖాతా తెరిచి, కథాసారం, సినిమా నిడివి, పాటల సాహిత్యం, మొత్తం డైలాగులున్న స్క్రిప్టు ఎక్కించాలి. స్క్రిప్టు అంటే మనం రాసుకున్నది కాదు, తెర మీద నిజంగా వినిపించేది. మాకు ఇదే పెద్ద పని అయింది. మా ముఖ్య పాత్రధారి మా కెమెరామన్ వాళ్ల నాయనమ్మ. మేమంతా మామ్మ అనే పిలుస్తాం. ఆవిడ ఏ డైలాగూ రాసినట్టు చెప్పలేదు, ఒకే మాట రెండు టేకుల్లో ఒకేలా కూడా చెప్పలేదు. ల్యాప్‌టాప్‌లో సినిమా ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, ఆవిడ గొణుక్కున్నవి కూడా టైపు చేశాను. మనం రాసినదానికంటే ఆవిడ అన్నది ఎంత బాగుందో అక్కడ తెలిసింది.

మామ్మతోనే పొగాకు గొడవ కూడా. ఉత్తరాంధ్రలో పాతతరం ఆడవాళ్లకు అడ్డపొగ అలవాటు. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుంటారు. నోరు మూసుకుంటే బయటికి ఏమంత తెలియదు. మా సీను ఇది: ఇంటికొచ్చిన ఆరోగ్య కార్యకర్త పొగాకు వల్ల నష్టాలన్నీ ఓపిగ్గా చెబుతుంది. మామ్మ బుద్ధిగా తలూపుతూ వింటుంది. చివర్లో “ఇంట్లో ఎవరైనా కాలుస్తారా అమ్మా?” అని అడిగితే, మామ్మ నోట్లోంచి చుట్ట తీసి “లేదమ్మా” అంటుంది. నవ్వంతా ఆ చుట్ట బయటికి రావడంలోనే ఉంది.

రూలు ప్రకారం పొగాకు కనిపించే ప్రతి చోటా తెర మీద హెచ్చరిక పడాలి. మొదట్లోనూ ఇంటర్వెల్ తర్వాతా వచ్చే ప్రకటనలు వేరు. గ్రాఫిక్స్ కుర్రాడు సీను మొదటి నుంచీ కింద ‘పొగ తాగడం ఆరోగ్యానికి హానికరం’ అని వేసి పంపాడు. అంతే, జోకు చచ్చింది. ఏం జరగబోతోందో అక్షరాలే ముందు చెప్పేస్తున్నాయి. అలాగని తీసేయడానికి వీల్లేదు, తీసేయాలని కూడా మాకు లేదు. మామ్మకే గొంతు బాగుండదు, ఆ అలవాటు మంచిదని ఎవరంటారు?

ఎడిటింగ్ టేబుల్ దగ్గర కూర్చుని ఆ సీన్‌ను ఫ్రేము ఫ్రేముగా చూశాం. నోటి అంచున చుట్ట కొస కాస్త కనిపించే షాట్లు ఉన్నాయి. వాటిని తీసేసి, వినేటప్పుడు మామ్మను వెనక నుంచి, పక్కనుంచి చూపించే షాట్లు పెట్టాం. చుట్ట మొదటిసారి కనిపించేది ఆవిడ దాన్ని బయటికి తీసిన క్షణమే. హెచ్చరిక కూడా సరిగ్గా అదే ఫ్రేములో టక్కున పడుతుంది. చుట్ట, ‘లేదమ్మా’, దాని కింద ఆ అక్షరాలు, మూడూ ఒక్కసారే. ముందున్నదానికంటే ఇదే పెద్ద నవ్వయింది. మామ్మకు చూపిస్తే, “ఏటి బాబూ, నా అబద్ధం కిందే రాసేసినారా?” అంది.

సెన్సార్‌లో నిడివి 72 నిమిషాలు దాటితే పెద్ద సినిమా కిందే లెక్క. ఒక అధికారి, నలుగురు ప్యానెల్ సభ్యులు చూస్తారు. మేం బయట కూర్చున్నాం. లోపల్నుంచి నవ్వు వినిపిస్తుందేమోనని తలుపుకు చెవి ఆనించాం కానీ ఆ తలుపులు గట్టివి. తర్వాత లోపలికి పిలిచి, రెండు బూతు మాటలు మ్యూట్ చేయమన్నారు. 2024 నిబంధనలు వచ్చాక పాత యూ/ఏ ఒక్కటే కాకుండా పిల్లల వయసును బట్టి 7+, 13+, 16+ అని మూడుగా విడిపోయింది. మాకు 13+ వచ్చింది. వాదించడానికి ఏమీ లేదనిపించింది. కెవిన్ స్మిత్‌కైతే ‘క్లర్క్స్’లో నగ్నత్వం ఏమీ లేకపోయినా ఒక్క మాటల మీదే ఎన్‌సీ-17, అంటే పెద్దలకు మాత్రమే అనే రేటింగ్ ఇచ్చారు. ఆ రేటింగుతో చాలా థియేటర్లు సినిమానే తీసుకోవు. పేరున్న లాయర్‌ను పెట్టి అప్పీలుకు వెళ్లి, ఒక్క కత్తిరింపూ లేకుండా, పిల్లలు పెద్దవాళ్లతో వస్తే చూడనిచ్చే ఆర్ రేటింగ్ తెచ్చుకున్నారు. మన దగ్గర అలాంటి అప్పీళ్లు వినే ట్రిబ్యునల్‌ను 2021లో రద్దు చేశారు, ఇప్పుడు హైకోర్టుకే వెళ్లాలి. రెండు బూతుల కోసం చిన్న నిర్మాత హైకోర్టు మెట్లెక్కుతాడా? పైగా మ్యూట్ వల్ల మాకు నష్టం జరగలేదు. ఆ మాట వినపడకపోతే హాల్లో వెనక వరసలవాళ్లు వాళ్లంతట వాళ్లే పూర్తిచేశారు, మేం రాసినదానికంటే ఘాటుగా.

ఇక రిలీజు. సర్టిఫికెట్ చేతికొస్తే గెలిచామనుకుంటాం కానీ థియేటర్‌వాళ్లకు అది ఆధార్ కార్డు లాంటిది, ఉండాల్సిందే కానీ దాన్ని చూసి ఎవరూ భోజనం పెట్టరు. డీసీపీ (థియేటర్లో వేసే డిజిటల్ కాపీ) చేయించాలి, డిజిటల్ సర్వీసు కంపెనీకి కట్టాలి, పోస్టర్లు వేయించాలి. రెంటల్ మీద హాలు తీసుకునే స్తోమత మాకు లేదు. పర్సంటేజీ మీద, అంటే వసూళ్లలో వాటా లెక్కన అడిగితే మార్నింగ్ షో ఇస్తామన్నారు. మార్నింగ్ షోకు వచ్చే జనం కాదు మా జనం. వాళ్లు ఆ వేళకు పొలంలో ఉంటారు.

ఇక్కడ కూడా స్మిత్ కెరీరే గుర్తొచ్చింది. తొలి సినిమాను 1993లో న్యూయార్క్‌లో మొదటిసారి వేసినప్పుడు హాలు దాదాపు ఖాళీ. ఉన్న కొద్దిమందిలో బాబ్ హాక్ అనే ఆయనకు నచ్చి నలుగురికీ చెప్పబట్టి, మరుసటి ఏడాది సన్‌డాన్స్ ఫిల్మ్ ఫెస్టివల్ దాకా వెళ్లింది. తర్వాత స్టూడియో డబ్బుతో తీసిన ‘మాల్‌రాట్స్’ పోయింది. మళ్లీ చిన్న బడ్జెట్‌కే దిగి రెండున్నర లక్షల డాలర్లతో 1997లో ‘చేజింగ్ ఏమీ’ తీస్తే బాగా ఆడింది. 2011లో ‘రెడ్ స్టేట్’ను సన్‌డాన్స్‌లో వేలం వేస్తానని అందర్నీ పిలిచి, 20 డాలర్లకు తనకు తానే పాడుకుని, ఊరూరా తిప్పుతూ తనే ప్రదర్శించుకున్నాడు. ఆ వేలానికి వచ్చిన కొనుగోలుదారులకు ఒళ్లు మండింది. ‘రెడ్ స్టేట్’ కామెడీ కాదు, ఆ తిక్క అందరికీ పనికొస్తుందనీ అనను. మాకు ఊరూరా తిప్పడమన్న మాట మాత్రం పనికొచ్చింది. విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చిన్న హాళ్లవాళ్లను కలిసి, ఫస్ట్ షో మాత్రమే, వారాంతం మాత్రమే, వచ్చినదాంట్లో చెరిసగం అని మాట్లాడుకున్నాం. డబ్బు పూర్తిగా తిరిగి రాలేదు. అప్పుల్లో వడ్డీకి తెచ్చినవి మాత్రం తీరాయి, చేబదుళ్లు మిగిలాయి.

ఇప్పుడు ఒక ఓటీటీ సంస్థతో మాటలు నడుస్తున్నాయి. వాళ్లు పంపిన జాబితాలో తెర మీద ఏ అక్షరాలూ లేని మాస్టర్ కాపీ కావాలని ఉంది. పొగాకు హెచ్చరిక వాళ్ల పద్ధతిలో, వాళ్ల అక్షరాలతో వాళ్లే వేసుకుంటారట. మామ్మ సీన్లో అది ఏ ఫ్రేములో మొదలవ్వాలో టైమ్‌కోడ్‌తో సహా రాసి, ఎందుకో వివరించి మెయిల్ పెట్టాను. లీగల్ వాళ్లను అడిగి చెబుతామన్నారు.