మహిళల సెవెన్స్‌లో రీస్టార్టే కీలకం

రగ్బీ యూరప్ మహిళల సెవెన్స్ (జట్టుకు ఏడుగురి రగ్బీ) పోటీలు చూసేటప్పుడు స్కోరు కన్నా ముందు రీస్టార్ట్‌ను, అంటే స్కోరు తర్వాత ఆటను మళ్లీ మొదలుపెట్టే కిక్‌ను గమనించండి. పదిహేను మంది ఆటలో ట్రై (ఎదుటివాళ్ల గీత దాటి బంతిని నేలకు తాకించడం) ఇచ్చుకున్న జట్టు బంతి తన్నుతుంది. సెవెన్స్‌లో ట్రై చేసిన జట్టే తన్నాలి. కాబట్టి ఆ జట్టులో గాల్లోకి ఎగిరి ఆ బంతిని అందుకునే అమ్మాయి ఒక్కరున్నా చాలు, ఎదుటివాళ్లకు బంతి దక్కకుండానే వరసగా రెండు మూడు ట్రైలు పడిపోతాయి. మ్యాచ్ మొత్తం 14 నిమిషాలే మరి! తన్నిన బంతి 10 మీటర్లు దాటకపోయినా, నేరుగా బయటికి పోయినా మైదానం మధ్యలో ఫ్రీ కిక్ సమర్పించుకున్నట్టే.

మైదానం మాత్రం పదిహేను మంది ఆటదే: 100 మీటర్ల పొడవు, 70 దాకా వెడల్పు. రక్షణలో సాధారణంగా ఆరుగురు వరసలో, ఒకరు వెనక కాపలా. రక్‌లోకి (నేల మీది బంతి కోసం జరిగే తోపులాట) వాళ్లలో ముగ్గురు దూరితే అంచున దారి తెరుచుకుంటుంది. చాలా ట్రైలు అలా వచ్చినవే. ఎల్లో కార్డు పడితే 2 నిమిషాలు బయటే, అంటే మ్యాచ్‌లో ఏడో వంతు.

ట్రైకి 5 పాయింట్లు, ఆ తర్వాత స్తంభాల మధ్యకు తన్నే కన్వర్షన్‌కు 2. కన్వర్షన్‌ను డ్రాప్ కిక్‌తోనే (బంతిని నేలకు వదిలి, లేవగానే తన్నడం) ట్రై పడిన చోటికి ఎదురుగా కొట్టాలి, అందుకే గీత దాటాక కూడా స్తంభాల వైపు పరుగెత్తుతారు.

గ్రూపులో గెలుపుకు 3, డ్రాకు 2, ఓటమికి 1. మూడు గ్రూపులుంటే మూడో స్థానంలోని మెరుగైన ఇద్దరూ క్వార్టర్స్‌కు వెళ్తారు. పాయింట్లు సమానమైతే స్కోరు తేడా చూస్తారు కాబట్టి, ఓడే మ్యాచ్‌లో చివరి ట్రై ఆపడం అక్కడ పనికొస్తుంది.

2022లో రగ్బీ యూరప్ ఛాంపియన్ పోలండ్. 2023 క్రాకోవ్ యూరోపియన్ క్రీడల ఫైనల్లో ఆ జట్టునే ఓడించి గ్రేట్ బ్రిటన్ పారిస్ ఒలింపిక్స్ బెర్తు పట్టింది.